ఓడలో పాతదెంత? ట్రింకోమలీ చెక్కలు చెప్పే లెక్క

పెరంబూరులో మా మేనమామ ఇంట్లో ఒక ఆదివారం కాఫీ దగ్గర మొదలైన వాదం ఇది. ఆయన సరుకు ఓడల ఇంజను గదుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. 2025 మే నెలలో కార్వారులో నౌకాదళంలో చేరిన 'కౌండిన్య' గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా కత్తిరించి దాచుకుంటున్నారు. అజంతా గుహల్లోని అయిదో శతాబ్దపు చిత్రంలో కనిపించే ఓడను చూసి, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టిన ఓడ అది. దానికి ఇంజను లేదు, గాలే ఆధారం. "నిన్న మొన్న కట్టిన దాన్ని ప్రాచీన నౌక అంటున్నారు. నువ్వు ఇంగ్లండులో చూసి వచ్చిన రెండు వందల ఏళ్ల ఓడలోనేమో బోలెడు చెక్క కొత్తదంటున్నావు. ఇంతకీ వీటిలో పాత ఓడ ఏదిరా?" అని అడిగారు.

అప్పటికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే చిక్కు ఓడలో లేదనీ, 'పాత' అనే మాటలోనే ఉందనీ అర్థమైంది. చెక్క పాతది కావచ్చు, ఆకారం పాతది కావచ్చు, కట్టే విద్య పాతది కావచ్చు, లేదా ఆ ఓడ చేసే పని పాతది కావచ్చు. ఈ నాలుగూ ఒకే ఓడలో కలిసి నిలవడం చాలా అరుదు. ఒకదాన్ని కాపాడబోతే మరొకటి చెయ్యి జారిపోతుంది. మ్యూజియంగా మారిన తెరచాప ఓడల కథ అంతా ఈ పెనుగులాటే.

మైలాపూరు తేరు, పూరీ రథం

ముందు మాటల సంగతి. ఒకప్పుడు నిజంగా సముద్రంలో తిరిగి, పని ముగిశాక జనం చూడటానికి నిలిపిన ఓడ మ్యూజియం ఓడ. పాత నమూనానో చిత్రాన్నో ఆధారం చేసుకుని కొత్తగా కట్టినది నకలు. 'నకలు' అనగానే మనకు కాస్త చిన్నచూపు ఉంటుంది కానీ, ఈ సందర్భంలో అది సరికాదు.

మైలాపూరు కపాలీశ్వరుని పంగుని ఉత్సవంలో తేరు లాగడం చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మన దేవాలయాల తేరు ఏళ్ల తరబడి అదే తేరు. ఇరుసు అరిగితే ఇరుసు, చక్రం చీలితే చక్రం మారుస్తారు. పూరీలో అలా కాదు. అక్కడ జగన్నాథ, బలభద్ర, సుభద్రల మూడు రథాలనూ ఏటా కొత్త చెక్కతో మొదటినుంచి కడతారు. మైలాపూరులో నిలిచేది వస్తువు. పూరీలో నిలిచేది కొలత, రూపం, వడ్రంగుల చేతిలోని విద్య. పూరీ రథాన్ని నకలు అని ఎవరూ అనరు.

కౌండిన్య పూరీ రథం వంటిది. నేను ఇంగ్లండు ఈశాన్య తీరంలోని హార్టిల్‌పూల్‌లో చూసిన 'ట్రింకోమలీ' మైలాపూరు తేరు వంటిది. అది పుట్టింది మన దేశంలోనే కాబట్టి దాని కథ కాస్త నిదానంగా చెబుతాను.

వెండి మేకుతో మొదలైన ఓడ

నెపోలియన్‌తో యుద్ధాల కాలానికి ఇంగ్లండులో ఓడలకు పనికివచ్చే ఓక్ చెక్క కరవైంది. బొంబాయిలో మాత్రం మలబారు టేకు ఉంది. దాన్ని ఓడగా మలచగల పార్సీ వాడియా కుటుంబమూ ఉంది. ఆ కుటుంబపు మూలపురుషుడు లవ్‌జీ నసర్‌వాన్‌జీ 1736లో సూరతు నుంచి బొంబాయి వచ్చి స్థిరపడ్డారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందువల్ల అది తొందరగా పుచ్చదు. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది, టేకుతో ఆ బాధ తక్కువ.

ట్రింకోమలీ అనే ఈ యుద్ధనౌక కట్టడానికి కావలసిన నమూనా పటాలను 1812లో 'జావా' అనే నౌకలో బొంబాయికి పంపారు. ఆ ఏడాది డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా నౌక 'కాన్‌స్టిట్యూషన్' జావాను ఓడించింది. పటాలు అక్కడే పోయాయి. మళ్ళీ మరో ప్రతి రావలసి వచ్చింది. (ఈ కాన్‌స్టిట్యూషన్ కూడా ఈనాటికీ బోస్టన్‌లో మ్యూజియం ఓడగా ఉంది. దాని పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.)

చివరికి 1816లో పని మొదలైంది. పార్సీల ఆచారం ప్రకారం ఓడ అడుగున వెన్నెముకలా ఉండే పెద్ద దూలంలో వెండి మేకు కొట్టారు. జమ్‌షెడ్జీ బొమన్‌జీ వాడియా ఆధ్వర్యంలో కట్టిన ఆ ఓడ 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. దానికి పెట్టిన పేరు శ్రీలంకలోని ట్రింకోమలీ రేవుది. మద్రాసును ఆసరాగా చేసుకున్న ఆంగ్లేయుల నౌకాదళం 1782లో ఫ్రెంచివారితో చేసిన వరుస పోరాటాలలో ఒకటి ఆ రేవు దగ్గర జరిగింది. మరొకటి మన చెన్నైకి దక్షిణాన, కల్పాక్కం పక్కనున్న సద్రాసు తీరంలోనే జరిగింది.

యుద్ధానికి కట్టిన ఓడ ఇంగ్లండు చేరేసరికి, 1819కి, యుద్ధాలు అయిపోయాయి. దాంతో తెరచాప కొయ్యలు దింపి, ఒక మూల కట్టేశారు. పాతికేళ్లు అలాగే ఉంది. 1840లలో ఫిరంగుల సంఖ్య తగ్గించి మార్పులు చేశాక 1847 నుంచి 1857 వరకు పదేళ్లు సముద్రంలో తిరిగింది. మొదట అట్లాంటిక్‌లో, తర్వాత పసిఫిక్‌లో. రెండు శతాబ్దాల జీవితంలో అది యుద్ధనౌకగా కొలువు చేసింది ఆ పదేళ్లే. తర్వాత నావికుల శిక్షణకు వాడారు. 1897లో తుక్కు కింద అమ్మేశారు.

అప్పుడు జెఫ్రీ వీట్లీ కాబ్ అనే ఆయన దాన్ని కొన్నారు. ఆయన అంతకుముందు బ్రిటిషు నౌకాదళ వీరుడు నెల్సన్ ఒకప్పుడు వాడిన 'ఫూద్రొయాన్' అనే పాత ఓడను కొని నడిపారు. అది అదే ఏడాది బ్లాక్‌పూల్ తీరంలో తుఫానుకు ఒడ్డెక్కి ముక్కలైంది. దాని స్థానంలో ట్రింకోమలీని తెచ్చుకుని ఆ పేరే దీనికీ పెట్టారు. అలా మన బొంబాయి ఓడ తొంభై ఏళ్ల పాటు వేరొకరి పేరుతో, కుర్రవాళ్లకు సముద్ర విద్య నేర్పే బడిగా బతికింది. 1987లో హార్టిల్‌పూల్‌కు తెచ్చి, పదేళ్లకు పైగా మరమ్మతు చేసి, మధ్యలో 1992లో సొంత పేరు తిరిగి ఇచ్చారు. ఇప్పటికీ అది నీటిమీదే తేలుతోంది. తేలుతున్న బ్రిటిషు యుద్ధనౌకల్లో ఇంతకంటే పాతది లేదు.

పక్కనే ఉన్న ఓడ గతి

ఇలా బతికి బయటపడటం మామూలు సంగతి కాదు. పోర్ట్స్‌మత్‌లో ట్రింకోమలీ పక్కనే 'ఇంప్లాకబుల్' అనే మరో శిక్షణ ఓడ ఉండేది. అది 1800లో ఫ్రాన్సులో పుట్టి, 1805లో ఆంగ్లేయులతో జరిగిన ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో ఫ్రెంచివారి తరఫున పోరాడి, కొద్ది రోజులకే ఆంగ్లేయుల చేతికి చిక్కిన ఓడ. అంటే చరిత్రలో ట్రింకోమలీ కంటే ఎంతో ఘనమైనది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దాన్ని బాగుచేయడానికి బ్రిటన్ దగ్గర డబ్బు లేదు. ఫ్రాన్సుకు ఇస్తామన్నారు, వాళ్లూ వద్దన్నారు. 1949 డిసెంబరు 2న రెండు దేశాల జెండాలూ ఎగరేసి, నడి సముద్రానికి లాక్కెళ్లి, మందుపాతర పెట్టి ముంచేశారు. బొంబాయిలోనే టేకుతో 1815లో పుట్టిన 'వెలస్లీ' అనే పెద్ద యుద్ధనౌకను 1940లో థేమ్స్ నదిలో జర్మను విమానాలు ముంచేశాయి.

ఏ ఓడ మిగలాలి అన్నది దాని గొప్పదనాన్ని బట్టి తేలలేదు. ఎవరికో ఏదో పనికి రావడం, సరైన సమయానికి ఒక మనిషి పూనుకోవడం, ఖర్చు భరించగలిగేంత చిన్నదిగా ఉండటం, ఇవే తేల్చాయి. ట్రింకోమలీని ప్రయోజనం కాపాడింది. ఆ తొంభై ఏళ్ల శిక్షణ కాలంలో దాన్ని ఎవరూ 'వారసత్వం' అని చూడలేదు, పనికొచ్చే ఇల్లుగా చూశారు.

ఓడను తినేది ఉప్పునీరు కాదు, వాన

చాలామంది పడే పొరపాటు ఇక్కడే. సముద్రపు ఉప్పు చెక్కను పాడుచేస్తుందని అనుకుంటాం. నిజానికి ఉప్పునీటిలో తడిసిన చెక్కకు శిలీంధ్రం అంత సులువుగా పట్టదు. సముద్రం వైపు నుంచి వచ్చే శత్రువు వేరు: పలకలను సొరంగాల్లా తొలిచే ఓడపురుగు. దానికి అడ్డుగానే అడుగున రాగి రేకులు కొట్టేవారు. అసలు ప్రమాదం పైనుంచి వస్తుంది. వాననీరు డెక్కు పలకల సందుల్లోంచి కారి, గాలి ఆడని మూలల్లో నిలిచి, చెక్కను లోపలినుంచి చివికిపోయేలా చేస్తుంది. పైకి చూస్తే బాగానే ఉంటుంది. సుత్తితో కొడితే బోలు శబ్దం వస్తుంది. మన పాత పెంకుటిళ్లలో దూలం గోడలోకి దూరే చోట పుచ్చిపోవడం చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఓడ పనిలో ఉన్నప్పుడు రోజూ డెక్కు మీద సముద్రపు నీళ్లు కొట్టి కడిగేవారు, పలకల సందుల్లో నారపీచు కూరి తారు పోసేవారు. మ్యూజియంగా మారాక వందల మంది నావికుల బదులు నలుగురు వడ్రంగులు మిగులుతారు. పని ఆగిన నాటినుంచే ఓడ వేగంగా ముసలిదవుతుంది.

రెండో జబ్బు వంగడం. ఓడ మధ్యభాగం లావుగా ఉంటుంది కాబట్టి నీళ్లు దాన్ని గట్టిగా పైకి నెడతాయి. సన్నని రెండు కొసలకూ ఆ ఆసరా తక్కువ. దశాబ్దాలు గడిచేకొద్దీ కొసలు వాలి, వెన్నుదూలం ఎద్దు మూపురంలా మధ్యలో లేస్తుంది. కాన్‌స్టిట్యూషన్‌కు ఇది ఒక అడుగుకు పైగా వచ్చింది. 1990లలో లోపల ఏటవాలు దూలాలు బిగించి సరిచేశాక, 1997లో అది నూట పదహారేళ్ల తర్వాత మొదటిసారి సొంత తెరచాపలతో కదిలింది.

శాతం అడిగితే ఎందుకు తికమక

"ఇందులో అసలు చెక్క ఎంత శాతం?" మ్యూజియం ఓడ ఎక్కిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది. మామయ్య అడిగిందీ ఇదే. దీనికి ఒక అంకె చెప్పడం తేలికే కానీ, ఆ అంకె దేన్ని చెబుతుందో చూడాలి.

ఊహకు ఒక చిన్న ఓడ తీసుకుందాం. వంద టన్నుల చెక్క. అందులో వెన్నుదూలం, పక్కటెముకల్లాంటి కొయ్యలు కలిపి 60 టన్నులు. పక్కల పలకలు 25. డెక్కు, తెరచాప కొయ్యలు 15. ఇప్పుడు డెక్కూ కొయ్యలూ పూర్తిగా మార్చారు, పలకలు సగం మార్చారు అనుకోండి. మిగిలిన అసలు చెక్క 72.5 టన్నులు, అంటే నూటికి డెబ్బై రెండు పైనే. కానీ టికెట్టు కొని డెక్కు మీద నిలబడినవాడి కంటికి కనిపించేదంతా కొత్తదే. అతని లెక్కలో అసలు చెక్క సున్నా. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కాలంతో పాటు ఇది ఎలా తరుగుతుందో కూడా చూడండి. పదేళ్లకోసారి పదో వంతు చెక్క మారుస్తారు అనుకుందాం. ప్రతిసారీ అన్నిటికంటే పాతదాన్నే తీసేస్తే, వందేళ్లకు అసలు చెక్క ఒక్క ముక్కా మిగలదు. అలా కాక పాతా కొత్తా చూడకుండా ఎక్కడ చెడితే అక్కడ మారిస్తే, ప్రతిసారీ ఉన్నదానిలో పది శాతమే పోతుంది. వందేళ్లకు దాదాపు 35 శాతం మిగులుతుంది. అంత చెక్కే, అంత ఖర్చే, అయినా ఫలితం ఇంత వేరు.

ఇప్పుడు నిజమైన ఓడలు. 1797లో నీటిలోకి దిగి, యుద్ధాలు చేసి, ఎన్నోసార్లు మరమ్మతైన కాన్‌స్టిట్యూషన్‌లో అసలు చెక్క పది పదిహేను శాతం ఉంటుందని అంచనా. పదేళ్లు మాత్రమే కొలువు చేసిన ట్రింకోమలీ ఒంటి చెక్కలో సగానికి మించి అసలైనదే. దీనికి తోబుట్టువు వంటి ఓడ ఒకటి స్కాట్లాండులోని డండీలో ఉంది, పేరు 'యూనికార్న్'. అదే నమూనా, 1824లో నీటిలోకి దిగింది. యుద్ధం లేదు కాబట్టి దానికి తెరచాప కొయ్యలే పెట్టలేదు. డెక్కు మీద ఇంటికి వేసినట్టు కప్పు వేసి వదిలేశారు. ఆ కప్పు వానను ఆపింది. ఇప్పుడు అందులో తొంభై శాతం దాకా అసలు చెక్కే ఉందని సంరక్షకులు చెబుతారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే నాకు మనసులో కలుక్కుమంటుంది. ఎంత తిరిగితే అంత చెక్క పోయింది. అన్నిటికంటే 'అసలైన' తెరచాప ఓడ ఏదంటే, ఎన్నడూ తెరచాప ఎత్తనిది. అసలు చెక్క శాతాన్నే కొలబద్దగా పట్టుకుంటే, జీవించిన ఓడకంటే జీవించని ఓడకే పెద్దపీట వేయవలసి వస్తుంది. అందుకే ఆ అంకె ఒక్కటే చాలదని నేను నమ్ముతాను.

నీటిలో ఉంచాలా, నేలమీద నిలపాలా

ఇక్కడ సంరక్షకులు రెండు వర్గాలుగా చీలిపోతారు. ఇద్దరి దగ్గరా బలమైన వాదన ఉంది.

నీటిలోనే ఉంచాలనేవారి మాట ఇది: ఓడ ఒళ్లంతటికీ నీళ్లు సమంగా ఆసరా ఇస్తాయని లెక్కవేసి కట్టిన వస్తువు అది. నేలమీద పెడితే బరువంతా కొన్ని ఊతల మీదే పడి, కుంగిపోతుంది. పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. ఈ భయం ఉత్తది కాదు. పోర్ట్స్‌మత్‌లో 1922 నుంచి పొడి రేవులో, అంటే నీళ్లు తోడేసిన రేవులో, ఉన్న పాత యుద్ధనౌక 'విక్టరీ' తన బరువుకు తానే కుంగసాగింది. పాత ఉక్కు ఊతల స్థానంలో ఈమధ్య 134 కొత్త ఊతలు అమర్చి, ఒక్కొక్కదాని మీద ఎంత బరువు పడుతోందో కొలుస్తూ సర్దవలసి వచ్చింది.

నేలమీదికి తేవాలనేవారు వేరే లెక్క చెబుతారు. నీటిలో ఉన్న ఓడ అడుగు కనిపించదు, కారడం ఆగదు, కొన్నేళ్లకోసారి బయటికి లాగక తప్పదు. ఒక్క రాత్రి పంపు ఆగితే చాలు. 1869లో పుట్టిన తేయాకు ఓడ 'కట్టీ సార్క్' 1954 నుంచి గ్రీనిచ్‌లో నేలమీదే ఉంది. 2007 మే 21న మరమ్మతుల మధ్య అగ్నిప్రమాదం జరిగింది. కొయ్యలు, ఎన్నో పలకలు అప్పటికే విప్పి వేరేచోట దాచడం వల్ల అవి దక్కాయి. 2012లో తిరిగి తెరిచినప్పుడు ఓడను మూడు మీటర్లకు పైగా ఎత్తి, అడుగున గాజు కప్పు కట్టి, జనం దాని పొట్ట కింద నడిచేలా చేశారు. ఓడ సొగసు తెలిసేది ఆ అడుగు వంపులోనే అని కొందరు మెచ్చుకున్నారు. ఎత్తి వేలాడదీసినట్టుందని, ఓడకు ఆ ఒత్తిడి మంచిది కాదని మరికొందరు మండిపడ్డారు.

స్వీడన్‌లోని 'వాసా'ది మరో దారి. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి వచ్చింది. చెక్కలోని నీరు ఆరిపోతే ముడుచుకుపోతుందని, నీటి స్థానంలో మైనం లాంటి రసాయనం ఇంకేలా పదిహేడేళ్లు చల్లారు. ఇప్పుడు తేమ కొలిచే మసక వెలుతురు మందిరంలో ఉంది. దానిలో చెక్క దాదాపు అంతా అసలుదే. కానీ అది ఇక ఎన్నడూ నీటిని తాకదు. తాకకూడదు.

వీటిలో ఏది సరైనదో ఒక సూత్రంగా చెప్పలేం. ఓడ ఒడలు ఎంత గట్టిగా ఉంది, ఊళ్లో వాన ఎంత, పనివాళ్లు దొరుకుతారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రింకోమలీని హార్టిల్‌పూల్‌కే తీసుకెళ్లడానికి కారణం కూడా అదే. అక్కడ అంతకుముందే 'వారియర్' అనే మరో పాత యుద్ధనౌకను బాగుచేసిన చేతులు ఉన్నాయి.

మన ఒడ్డున

మనకు తెలిసిన ఉదాహరణలు ఉక్కువి, చెక్కవి కావు. అయినా చిక్కు అదే. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన విమాన వాహక నౌక 'విక్రాంత్'ను 1997లో విరమింపజేసి, 2001 నుంచి ముంబయిలో మ్యూజియంగా చూపారు. ఓడ ఒడలు పాడై ప్రమాదమని 2012లో మూసేశారు. 2014లో వేలంలో 60 కోట్ల రూపాయల ప్రాంతంలో తుక్కుకు పోయింది. ఆ లోహంలో కొంత ఒక మోటారు సైకిల్ తయారీలో కలిసింది. చెన్నై రోడ్ల మీదా అవి తిరుగుతున్నాయి. విశాఖ బీచిలో 'కుర్సురా' జలాంతర్గామి 2002 నుంచి ఇసుక మీద నిలిచి ఉంది. సముద్రపు గాలికి తుప్పు పట్టడం ఆగదు, రంగు వేయడమూ ఆపకూడదు. ఒకదానికి ఏటా ఖర్చుపెట్టేవాళ్లు దొరికారు, మరొకదానికి దొరకలేదు. మ్యూజియం ఓడను ఒకసారి కాపాడితే చాలదు, ఏటా కాపాడాలి.

మద్రాసుకు సొంత ఓడ కూడా ఒకటి ఉండేది, కాకపోతే చిన్నది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఇక్కడ ఓడరేవు లేదు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే, మనుషులనూ సరుకునూ కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చింది మసూలా పడవ. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరంటారు, కాదనేవారూ ఉన్నారు. మేకులతో బిగించిన పడవ ఆ కెరటాల దెబ్బకు పగిలిపోయేది. మసూలా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు కాబట్టి దెబ్బకు వంగి మళ్ళీ నిలిచేది. కౌండిన్యలో ఉన్నది ఆ కుట్టు విద్యే.

మళ్ళీ పెరంబూరు వెళ్ళినప్పుడు ఇదంతా మామయ్యకు చెప్పాను. ఆయన చెక్కల గురించి ఏమీ అనలేదు. కుట్టు పడవలో ముందు పాడయ్యేది ఏదని అడిగారు. తాడు అన్నాను. తాడు నానిపోయాక కుట్లు విప్పి, అవే పలకలను మళ్ళీ కుడతారు. "అయితే అందులో చెక్క పాతది, కుట్టు కొత్తది. మీ ట్రింకోమలీకి ఇది తలకిందులు" అని, కత్తిరించిన పేపరు ముక్కల కవరు తెచ్చి, కౌండిన్య అడుగుభాగం బొమ్మ ఉన్నదాన్ని వెతకడం మొదలుపెట్టారు.